చచ్చిపోయిన అత్తకు పురిటి సెలవు

పోయిన వారం మనం రత్నాబాయిని రాజలింగం బీడీల గదిలో, లేబర్ ఆఫీసు సాహెబు ముందు నిలబెట్టి వచ్చేశాం. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న మనిషిని వారం రోజులు అట్లా నిలబెట్టడం పాపమే, కానీ ఏం చేస్తాం, పత్రికలో మనకిచ్చిన జాగా అంతే. మరిచిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. కామాటిపురా పదకొండో గల్లీలో, పై అంతస్తు ఒంటిగది ఖోలీలో కూర్చుని రత్నాబాయి రాజలింగం కోసం బీడీలు చుడుతుంది. ఈ కాన్పు కష్టమని, తంబాకు దుమ్ములో కూర్చోవద్దని ఆసుపత్రిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బీడీలు చుట్టే ఆడవాళ్ళకు కాన్పుకు పన్నెండు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టం ఉందని వర్లీలో ఉండే చెల్లెలు వజ్రమ్మ చెప్పింది. చెప్పడమే కాదు, పోయినేడు తాను తీసుకుంది కూడా. రత్నాబాయి అర్జీ పెట్టుకుంది. విచారణకు వచ్చిన సాహెబు ఆ అర్జీ ఒకసారి చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు. మనం ఆపింది అక్కడ.

ఆయన చదివింది ఇదీ. కార్మికురాలి పేరు లక్ష్మవ్వ. నంబరు పద్నాలుగు. వయసు డెబ్బై ఒకటి. కోరినది ప్రసూతి సెలవు.

"ఈ డెబ్బై ఒక్క ఏళ్ళ గర్భిణి ఎవరమ్మా?" అన్నాడు సాహెబు. ఆయన అన్నది మరాఠీలో, మనం మన భాషలో రాసుకుందాం.

గదిలో ఇరవై మందికి పైగా ఆడవాళ్ళున్నారు. పొద్దున బీడీలు అప్పజెప్పి, ఆకూ తంబాకూ తీసుకుపోయే వేళ అది. ఇంకో చోట ఆ మాట వింటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. ఇక్కడ ఒక్కతె కూడా నవ్వలేదు. అందరూ ఎవరి బీడీల చాట వాళ్ళు చూసుకున్నారు.

రత్నాబాయి నడుము మీద చెయ్యి వేసుకుని ముందుకొచ్చింది. "ఆ కడుపుతో ఉన్నది నేను సాహెబ్. లక్ష్మవ్వ మా అత్త. ఆమె సచ్చిపోయి పదకొండేండ్లయితుంది."

"చచ్చిపోయిన మనిషి నిన్న ఎనిమిది వందల బీడీలు ఎట్లా ఇచ్చింది?"

"నేనిచ్చిన."

"ఈ రిజిస్టర్లో వేలిముద్ర?"

"నాదే."

"మరి నీ పేరు ఏ నంబరు మీద ఉంది?"

"ఏడ లేదు సాహెబ్. అదే కదా నా తిప్పలు."

సాహెబుకు తల ప్రాణం తోకకొచ్చింది. రత్నాబాయికి వచ్చి చాలా రోజులయింది. అర్జీ పెట్టేటప్పుడు ఆఫీసు గుమాస్తాకు ఆమె నోరు నొప్పి పుట్టేదాకా చెప్పింది, పద్నాలుగో నంబరు పని నాది, పేరు మాత్రం మా అత్తది అని. అతగాడు తలూపి, నంబరు చూసి, పేరూ వయసూ రిజిస్టర్ నకల్లోంచి దించి ముద్ర గుద్దాడు. నోటితో చెప్పింది గాలికి పోయింది, కాగితం మీద ఉన్నది కాగితం మీదికి వచ్చింది.

ఇంతకీ ఈ చిక్కు ఎక్కడిదంటే, నంబరుది. ఆ గల్లీలో కోడలు వస్తే అత్త ముక్కుపుడక ఇచ్చినా ఇవ్వకపోయినా నంబరు మాత్రం ఇచ్చి పోవాలి. నంబరున్న ఇంటికే ఆకు, నంబరున్న ఇంటికే తంబాకు. కొత్త నంబరు కంపెనీ ఇయ్యదని రాజలింగం చెపుతాడు. ఆ కంపెనీ మొహం ఈ ఆడవాళ్ళలో ఒక్కరూ చూడలేదు. చూసింది రాజలింగం మొహమే. కంపెనీకి బీడీలు చుట్టించి ఇచ్చే ఠేకా అతనిది, పైగా మనోడు, అందరి పెళ్ళిళ్ళకూ చావులకూ ముందుండే మనిషి. లక్ష్మవ్వ పోయిన పదో రోజున అతనే ఇంటికొచ్చి, గడపలో కూర్చుని, చాయ్ తాగి చెప్పాడు.

"పేరు కొట్టేస్తే నంబర్ పోతది బిడ్డా. రేపటి సంది లక్ష్మవ్వ అని పిలుస్త. నువ్వు ఉన్నా అను. ఏం బోతది?"

అప్పుడు రత్నాబాయికి పద్దెనిమిదేళ్ళు. మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివింది, పేరు ముత్యాల్లా రాయగలదు. కానీ అత్తది వేలిముద్ర కాబట్టి తనూ బొటనవేలికి సిరా పూసుకుంది. మొదటిరోజు "లక్ష్మవ్వా" అని పిలిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునే "ఉన్నా" అంది. అత్త ఆమెను కడుపులో పెట్టుకుని చూసిన మనిషి. రాత్రి మొగుడు శివరాంకు చెపితే అతనూ ఏడ్చాడు. "మా అమ్మ పేరు ఇంకా పిలుస్తున్నరు" అని నలుగురికీ చెప్పుకుని మురిశాడు. మురిపెం వాళ్ళకు, లాభం రాజలింగానికి. చచ్చిపోయిన మనిషికి జ్వరం రాదు, కడుపు రాదు, ముసలితనం రాదు. పని మాత్రం పొద్దున్నే తయారుగా ఉంటుంది. ఇంత చల్లని పనిమనిషి ఏ యజమానికి దొరుకుతుంది చెప్పండి.

మొదటి కాన్పుకు రత్నాబాయి నొప్పులు వచ్చేదాకా చుట్టింది. రెండో కాన్పుకు తొమ్మిదో రోజునే చాట ముందేసుకుంది. చంటిది తంబాకు దుమ్ముకు తుమ్మి తుమ్మి పాలు కక్కేది. ఆ నడుము నొప్పి ఇంకా పోలేదు. మిల్లు సమ్మెలో శివరాం పని పోయినప్పటి నుంచీ అతను కూలీలు నిలబడే నాకా మీద నిలబడి రంగుల పనికి పోతున్నాడు, దొరికిన రోజు దొరుకుతుంది, లేని రోజు లేదు. ఇల్లు నడిచేది ఈ చాట మీదే. ఇప్పుడు ఆమె చాట పక్కన పెడితే నంబరు ఇంకో ఇంటికి పోతుంది. పెట్టకపోతే కడుపులో బిడ్డకు ముప్పని డాక్టరమ్మ అంది. ఆ పన్నెండు వారాలు తన పేరు మీద దొరికితే తప్ప వేరే దారి లేదు.

రాజలింగం గద్దె మీద నుంచి లేవలేదు. నవ్వు మొహంతోనే ఉన్నాడు. "సాహెబ్, ఎనిమిదో నెల కదా, ఆమెకు పానం బాగలేదు. మనసు ఒక్క తీరుగ ఉంటలేదు. లక్ష్మవ్వ నాకు వదినె అయితది. పాలమూరు దిక్కు ఊరికి పోయింది, వస్తది. కోడలు ఎన్నడన్న చేతుసాయం జేస్తది, అంతే."

రత్నాబాయి చెవులను నమ్మలేకపోయింది. అబద్ధం ఆడతాడని తెలుసు. అత్తను బతికిస్తాడని అనుకోలేదు.

"ఊరికి పోయిందా మామా?"

"పోయింది కదా బిడ్డా."

"మా అత్త పాడెకు ముందటి కొమ్ము నువ్వే పట్టినవు. తొవ్వల చెప్పు తెగితె ఉత్త కాళ్ళతోని నడిసినవు. దినాలనాడు నా చేతి అన్నం తిని, పులుసుల ఉప్పు తక్కువైందన్నవు. అవన్ని ఎవరికి మామా?"

"యాది మర్సినవు బిడ్డా. అది వేరే చావు."

అంత మెల్లగా, అంత ప్రేమగా అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది రత్నాబాయికి. గట్టిగా తిట్టాలంటే ఎదురుగా ఉన్నది పరాయివాడు కాదు. పుట్టిన దగ్గర్నుంచీ మామా అని పిలిచిన నోరు. ఆ పిలుపు ఒకటి అడ్డంపడి ప్రతిసారీ ఆమె మాట సగంలో మెత్తబడుతుంది. ఆ సంగతి రాజలింగానికి ఆమెకంటే బాగా తెలుసు.

సాహెబు మధ్యలో చెయ్యి ఎత్తాడు. "మీ చుట్టరికాలు నాకొద్దు. ఆమె చనిపోయినట్టు కాగితం ఏమైనా ఉందా?"

"ఉన్నది సాహెబ్. స్మశానంల ఇచ్చిన చిట్టీ. మా ఇంటాయిన ట్రంకుపెట్టెల దాచిండు."

"తీసుకురా."

 పొద్దున రత్నాబాయి చేసిన మొదటి పని ఆ చిట్టీ వెతకడమే. ట్రంకుపెట్టెలో రేషను కార్డు ఉంది, పిల్లల పుట్టిన కాగితాలున్నాయి, అత్త కట్టుకున్న ఇర్కల్ చీర ఉంది. ఆ చీర మడతలోనే చిట్టీ ఉండేది. చీర దులిపింది, పెట్టె బోర్లించింది, చిట్టీ లేదు. శివరాంను అడుగుదామంటే అతను చీకటితోనే నాకాకు పోయాడు. ఎలుక కొట్టిందేమో అనుకుని నెత్తి కొట్టుకుని వచ్చింది.

"పెట్టెల కనబడలే" అంది.

"కనబడలేదు" అని సాహెబు రాసుకున్నాడు. రాజలింగం పాన్ డబ్బా తెరిచి తమలపాకు తుడుచుకున్నాడు. తొందరేమీ లేనట్టు.

సాహెబు చెడ్డవాడు కాదు. కానీ పదహారేళ్ళ నౌకరీలో ఇట్లాంటివి చూసి చూసి విసిగిపోయిన మనిషి. ఏదో ఒకటి తేల్చి, ఇంటికి పోయి భోంచెయ్యాలని ఉంది. రిజిస్టర్ తన ముందుకు లాక్కున్నాడు. "సరే. నేనే పేర్లు పిలుస్తాను. ఎవరి పేరుకు వాళ్ళే పలకాలి. వేరేవాళ్ళ పేరుకు పలికితే కేసు పెడతాను, చెపుతున్నా."

 రత్నాబాయి వెనక నిలబడ్డ శాంతాబాయి ఆమె కొంగు పట్టి లాగింది. యాభై దాటిన మనిషి, పక్క ఖోలీ. రోజూ "సాయమ్మా" అని పిలిస్తే పలికేది ఆమే. సాయమ్మ ఆమె అత్త, పోయి ఇరవై ఏళ్ళు.

"పలుకవే తల్లీ" అంది చెవిలో. "నువ్వు పలుకకుంటె మా అందరి నంబర్లు పోతయి. నా కోడలికి ఏమిస్త నేను?"

"సాయమ్మ పేరిస్తవా శాంతక్కా?" అంది రత్నాబాయి, వెనక్కి తిరక్కుండానే. "నీ పేరు ఎన్నడన్న ఎవరన్న పిలిసిండ్రా ఈ గదిల?"

శాంతాబాయి కొంగు వదల్లేదు.

సాహెబు మొదలుపెట్టాడు. ఒకటో నంబరు నర్సమ్మ, ఉన్నా అంది, ఆమె నర్సమ్మే. రెండు, మూడు, నాలుగు బాగానే నడిచాయి. ఆరో నంబరుకు ఎవరూ పలకలేదు. సాహెబు ఒక చుక్క పెట్టాడు. రాజలింగం తమలపాకు మడుస్తూ తలెత్తాడు. అటు తర్వాత పదమూడు దాకా మళ్ళీ బాగానే నడిచింది.

"పద్నాలుగు. లక్ష్మవ్వ."

పదకొండేళ్ళ అలవాటు మామూలుది కాదు. ఆ పేరు చెవిన పడగానే ఉన్నా అన్న మాట గొంతుదాకా వచ్చేసింది. నోరు తెరుచుకుంది కూడా. రత్నాబాయి పెదవి గట్టిగా కొరికి పట్టుకుంది. అత్తను ఇప్పుడు చంపుతున్నట్టే అనిపించింది ఆమెకు. ఒకసారి ఊపిరితో పోయింది, ఇప్పుడు తన నోటితో పోతోంది. మనసులో చెప్పుకుంది, తప్పు పట్టకు అత్తా, నువ్వు పో, నన్ను ఉండనియ్యి.

"లక్ష్మవ్వ" అన్నాడు సాహెబు రెండోసారి.

"పలుకు బిడ్డా" అన్నాడు రాజలింగం. ఈసారి గొంతులో ప్రేమ తక్కువైంది.

"ఆమె లేదు మామా. ఉన్నది నేను. నా పేరు రత్నాబాయి. సాహెబ్, రత్నాబాయి అని పిలువుండ్రి, పలుకుత."

 సాహెబు చుక్క పెట్టి తర్వాతి వరుసకు పోయాడు. "పదిహేను. సాయమ్మ."

శాంతాబాయి చేతిలోంచి కొంగు జారిపోయింది. ఆమె పలకలేదు.  సాహెబు కలం ఎత్తబోతుంటే అప్పుడు నోరు విప్పింది, ఎవరి మీద కోపమో తెలియనట్టు గోడ వైపు చూస్తూ.

"మొన్న దగ్గు మందుకని బీడీలోళ్ళ దవాఖానకు పోయిన. కార్డ్ కావాలన్నరు. కార్డ్‌కు పోతె సాయమ్మ ఫోటో తెమ్మన్నరు. తొంభై ఏండ్ల ముసల్ది, కాలిపోయి ఇరవై ఏండ్లాయె. ఫోటో యాడికెళ్ళి తేవాలె? నా ఫోటో ఇస్తె గిది సాయమ్మ కాదన్నరు. నేను శాంతాబాయినంటె గా పేరు మా దగ్గర లేదన్నరు. మరి గీ దగ్గు ఎవరిది?"

అంతే. ఆ తర్వాత పదిహేడుకు జవాబు లేదు, పంతొమ్మిదికి లేదు, ఇరవై రెండుకు లేదు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క ఆడది తలెత్తి సాహెబు కళ్ళలోకి చూసి నోరు మూసుకుంది. చివరిదాకా చదివేసరికి ఇరవై ఆరు పేర్లలో తొమ్మిది చుక్కలు పడ్డాయి.

సాహెబు కలం మూత పెట్టి, నుదురు రుద్దుకున్నాడు. "తొమ్మిదిమంది చచ్చిపోయారు. బీడీలు మాత్రం ఇరవై ఆరుమందివీ వస్తున్నాయి. రాజలింగం, ఇప్పుడేం రాయమంటావు?"

 అయిపోయింది, గెలిచాను అనుకుంది రత్నాబాయి. నిజం చెపుతున్నా, ఆ ఒక్క నిమిషం ఆమె తన బిడ్డను పన్నెండు వారాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టే ఉంది, దుమ్ము లేని గదిలో.

రాజలింగం పాన్ దవడకు పెట్టుకున్నాడు. గద్దె కిందికి చెయ్యి పోనిచ్చి, మడత పెట్టిన కాగితం ఒకటి తీశాడు. "ఆడోళ్ళ నోటిమాటలు ఎందుకు సాహెబ్. మిగిలినోళ్ళది తర్వాత చూద్దాం. గీ లొల్లి పెట్టింది పద్నాలుగో నంబర్. లక్ష్మవ్వ కన్నకొడుకే రాసిచ్చిండు. సదువుండ్రి."

సాహెబు చదివాడు, పైకే చదివాడు. "నా తల్లి లక్ష్మవ్వ బతికి ఉన్నది. పద్నాలుగో నంబరు పని ఆమెదే. నా భార్య రత్నాబాయి బీడీల పని చేయదు, ఇంటి దగ్గర ఖాళీగా ఉంటుంది. ఇట్లు, శివరాం." కింద తారీఖు చూశాడు. "పోయిన శుక్రవారం."

పోయిన శుక్రవారం. ఆ రోజు సాయంత్రం శివరాం జిలేబీ పొట్లం తెచ్చాడు. దాదర్లో పెద్ద బిల్డింగు పని దొరికిందని, మేస్త్రీ ఖుషీగా ఉన్నాడని చెప్పాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు కదా అని ఆమె కూడా నవ్వింది. కడుపుతో ఉన్నదానివి తిను తిను అని తన వంతుది కూడా ఆమె నోట్లో పెట్టాడు.

"బాయీ, ఇలా రా" అన్నాడు సాహెబు. గొంతు కొంచెం మెత్తబడింది. "ఇది నీ భర్త సంతకమేనా? చూసి చెప్పు."

చూడనక్కర్లేదు. అయినా చూసింది. పేరు కింద ఎడమ నుంచి కుడికి ఒక గీత, చివర్లో పైకి లేచిన తోక. పెళ్ళయిన కొత్తలో వేలిముద్ర వేసే మొగుణ్ణి బాల్కనీలో కూర్చోబెట్టి, బండల మీద సుద్దముక్కతో ఆమే దిద్దించింది. పేరు పొట్టిగా ఉంది, కింద గీత గీస్తే నిండుగా కనబడుతుందని చెప్పింది కూడా ఆమే. తను మాత్రం అత్త పోయినప్పటి నుంచీ బొటనవేలికి సిరా పూసుకుంటూనే ఉంది.

కాదంటే అబద్ధం. అవునంటే తన నోటితోనే తన పని పోతుంది. ఒక్క మాట కాదని చెప్పు, ఎవరు చూడొచ్చారు అన్నట్టు శాంతాబాయి కళ్ళతో బతిమాలింది.

"ఆయినదే సాహెబ్" అంది రత్నాబాయి. "నేనే నేర్పిన."

"అయితే మీ ఇద్దరిలో ఒకరు అబద్ధం చెపుతున్నారు."

"అవును. పిలువుండ్రి. నా ముందట చెప్పమనుండ్రి."

పిలవడానికి దూరం పోనక్కర్లేకపోయింది. గుమ్మం దగ్గరున్న ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. బయట నల్లా గద్దె పక్కన, రంగు మరకల చొక్కాతో శివరాం నిలబడి ఉన్నాడు. నాకాకు పోలేదు. పొద్దున్నుంచీ అక్కడే ఉన్నట్టున్నాడు, పేర్లు పిలవడం అంతా వినే ఉంటాడు.

"రా శివరాం, లోపలికి రా" అన్నాడు రాజలింగం. "భయం దేనికి, నేనున్న."

శివరాం లోపలికొచ్చాడు. పెళ్ళాం మొహం చూడలేదు, రాజలింగం మొహం చూశాడు. రత్నాబాయి అతని మొహం చూడలేదు. చొక్కా జేబు చూసింది. జేబులోంచి పాత పసుపు కాగితం అంచు ఒకటి బయటికి కనబడుతోంది. పదకొండేళ్ళు చీర మడతలో ఉన్న కాగితం, ఆమెకు మడతలతో సహా తెలుసు. ఎలుక కొట్టలేదు.

అది చించెయ్యడానికి తీసుకున్నాడా, చూపించడానికి తీసుకున్నాడా?

సాహెబు సంతకం కాగితం అతని ముందుకు తోశాడు. "ఒకటే ప్రశ్న. నీ తల్లి లక్ష్మవ్వ బతికి ఉందా, లేదా?"

 శివరాం చెయ్యి జేబు మీదికి పోయింది, అక్కడే ఆగింది. తల్లిలాంటి అత్త చచ్చిపోయిందని కన్నకొడుకు నోటితో వినాలని, ఆ ఒక్క మాట కోసం రత్నాబాయి దేవుడికి మొక్కుకుంటోంది. మన జాగా మళ్ళీ అయిపోయింది, శివరాం జవాబు వచ్చే వారం.